లంకలో 24, కంకిపాడులో సున్నా

రావణాసురుడి దగ్గర ఒక్క పుష్పకమే కాదు, రకరకాల సైజుల్లో 24 రకాల విమానాలుండేవట. వాటికి లంకలో విమానాశ్రయాలు కూడా ఉండేవట. ఈ మాటన్నది హరికథ చెప్పే దాసుగారు కాదు. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో సాక్షాత్తూ ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతిగారు సెలవిచ్చారు. దాసుగారైతే కనీసం పిట్టకథ అని ఒప్పుకునేవారు. సరే, లంక లెక్క పెద్దలు తేల్చారు గనక కంకిపాడు లెక్క మనం తేల్చుకుందాం. విజయవాడకీ ఉయ్యూరుకీ నడుమ, బందరు రోడ్డు మీద, గన్నవరం విమానాల చప్పుడు వింటూ పెరిగిన ఊరు. ఇక్కడ ఇంటి షెడ్డులో సొంత చేతుల్తో విమానం బిగించుకున్న మొనగాడెవరు? ఎవరూ లేరు. సున్నా.

"మరి మన శాస్త్రం సంగతో?" అని అడుగుతారు. ఉంది. భరద్వాజ మహర్షి పేరు మీద చలామణీ అవుతున్న వైమానిక శాస్త్రం. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్లు అయిదుగురు కూర్చుని, 1974లో, మొహమాటం లేకుండా లెక్కలు కట్టారు. ఆ పుస్తకం 20వ శతాబ్దం మొదట్లో పుట్టిందనీ, అందులో బొమ్మలేసిన విమానాల్లో ఒక్కటీ ఎగరదనీ తేల్చేశారు. అమాయకులు. అవి ఎగరాలని ఎవరడిగారు? పూర్వీకుల విమానం పని తాను ఎగరడం కాదు, మనల్ని ఎగరేయడం. ఆ పని అది ఇవాళ్టికీ ఏ మరమ్మతూ లేకుండా చేస్తోంది.

నిజంగా ఎగిరిన విమానం కావాలంటే అంత వెనక్కి పోనక్కర్లేదు. 1910లో, అంటే కంకిపాడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, మద్రాసులో హోటలు నడుపుకునే డి ఏంజెలిస్ అనే ఆయన సింప్సన్ కంపెనీలో పని చేయించుకుని సొంత విమానం కట్టి పల్లావరంలో గాల్లోకి లేపాడు. రైట్ సోదరులు ఎగిరి అప్పటికి ఏడేళ్లు కూడా నిండలేదు. అయినా ఆయన పేరు మీద మనకి గర్వం పుట్టదు. విమానం కట్టినవాడు ఋషి అయ్యుండాలి, లేదా అమెరికాలో మనవాడై ఉండాలి. టిఫిన్లు పెట్టేవాడు కడితే అది చరిత్ర ఎలా అవుతుంది?

మనకి విమానాలంటే ప్రేమ లేదని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోం. గన్నవరం ఎయిర్‌పోర్టుని ఎంతలా ప్రేమిస్తున్నామో ఈ చుట్టుపక్కల ఏ వెంచర్ బ్రోచర్ తెరిచినా తెలుస్తుంది. విమానం ఎటు పోతే మనకేం, దాని నీడ పడ్డచోట గజం ఎంత పలుకుతుందన్నదే లెక్క. 2019 దసరా నాడు రక్షణ మంత్రిగారు ఫ్రాన్సు వెళ్లి రఫేల్‌కి ఆయుధపూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి వచ్చారు. ఆ పూటకి ఆ విమానంలో మన వాటా ఆ నిమ్మకాయలే. అవి తెనాలి కాయలయ్యుంటే ఇంకా బాగుండేది. 2024 అక్టోబరులో కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్ మీద 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలేసి గిన్నిస్ రికార్డులు పట్టాయి. మరుసటి నెల అదే ఘాట్ నుంచి ముఖ్యమంత్రిగారు సీప్లేన్‌లో శ్రీశైలం వెళ్లారు. కెనడావాళ్లు చేసిన బండి. రెండుసార్లూ జనం తలలెత్తారు, ఫోన్లెత్తారు. స్క్రూడ్రైవర్ మాత్రం ఎవరూ ఎత్తలేదు.

పాత విమానాల పునరుద్ధరణలోనూ మనం తీసిపోలేదు. 2022 నవంబరులో కొచ్చిలో కొన్న ఓ పాత విమానాన్ని ట్రైలర్ మీద హైదరాబాదు తెస్తుంటే, అది బాపట్ల జిల్లా మేదరమెట్ల దగ్గర అండర్‌పాస్ కింద ఇరుక్కుపోయింది. చుట్టుపక్కల ఊళ్ల జనం సెల్ఫీలకి ఎగబడ్డారు. పోలీసులు వచ్చి నానా తంటాలూ పడి బయటికి తీయించారు. ఇంత ప్రయాస పడి దాన్ని పట్టుకుపోయింది దేనికనుకున్నారు? హోటలుగా మార్చడానికి. వేరే దేశాల్లో పాత విమానాన్ని షెడ్డులోకి తోసి, తుప్పు గీకి, రెక్కల గుడ్డ మార్చి, ఇంజను విప్పి బిగించి మళ్లీ గాల్లోకి లేపితే పునరుద్ధరణ అంటారు. మనకి దమ్ బిర్యానీ మూత తీస్తే గానీ అది పూర్తయినట్టు కాదు.

ఇంక మన బిడ్డల సంగతి. 2021 జులైలో బండ్ల శిరీష రోదసి అంచుదాకా వెళ్లొస్తే గుంటూరు జిల్లా మొత్తం మా పిల్లంటే మా పిల్లంది. 2024 మే నెలలో తోటకూర గోపీచంద్ బ్లూ ఆరిజిన్ రాకెట్‌లో వెళ్లొస్తే విజయవాడ మావాడే అని కాలరెగరేసింది. సంతోషం. కానీ శిరీష ఎక్కిన ఆ బండి వంశం ఒక్కసారి తిరగేసి చూడండి. దాని తాత స్పేస్‌షిప్ వన్. ఆ తాతని గీసినవాడు బర్ట్ రుటాన్. ఆ రుటాన్ 1970ల్లో పేరు తెచ్చుకున్నది దేనితో? మామూలు జనం ఇంటి షెడ్డులో ఫోము, ఫైబర్‌గ్లాస్ పెట్టి సొంతంగా కట్టుకునే వేరీ-ఈజీ అనే బుల్లి విమానం ప్లాన్లు అమ్మి. అలా షెడ్డుల్లో విమానాలు కట్టుకునే పిచ్చివాళ్లు లేకపోతే మన అమ్మాయికి ఎక్కడానికి బండే లేదు. బిడ్డ మనదే, షెడ్డే మనది కాదు.

ఆ షెడ్డు పిచ్చి అమెరికాలో చిన్నది కాదు. 1953లో పాల్ పోబెరెజ్నీ అనే ఆయన మిల్వాకీలో ఇంటి విమానాలవాళ్లని పోగేసి ఒక సంఘం పెట్టాడు. ఇప్పుడు ఏటా జులైలో ఆష్‌కాష్ అనే ఊళ్లో వాళ్ల తిరనాళ్లు జరుగుతాయి. ఒక్క వాన్స్ కంపెనీ కిట్లే తీసుకున్నా, జనం ఇళ్లల్లో బిగించి ఎగరేసినవి 11,000 దాటాయి. దీనికి అక్కడి చట్టం పెట్టిన ముఖ్యమైన షరతు వినండి. విమానంలో సగానికి పైగా పని నువ్వే చెయ్యాలి, అదీ కేవలం నీ చదువు కోసమో, నీ సరదా కోసమో చెయ్యాలి. చట్టం ఒప్పుకునే కారణాలు ఈ రెండే.

సరిగ్గా ఇక్కడే కంకిపాడు చేతులెత్తేస్తుంది. చదువు కోసం చేతులతో పని చెయ్యడమేమిటి? మనం చదివేదే చేతులతో పని చెయ్యక్కర్లేకుండా బతకడానికి! ఇక సరదా అంటారా, దానికో వయసుంది. హోమ్ లోన్ తీరాక, అమ్మాయి పెళ్లయ్యాక, మోకాళ్లు అరిగాక.

కానూరు, పోరంకి మీదుగా కంకిపాడు దాకా రండి. బందరు రోడ్డుకి అటూ ఇటూ ర్యాంకుల హోర్డింగులే. అక్కడ చదివే ఇంటర్ కుర్రాణ్ణి అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా బెర్నౌలీ సూత్రం గడగడా ఒప్పజెబుతాడు. రెక్క పైన గాలి వేగం ఎక్కువ, పీడనం తక్కువ, కాబట్టి ఆప్షన్ సి. రైటయితే నాలుగు మార్కులు, తప్పయితే ఒకటి మైనస్. రెక్కని వాడు దగ్గర్నుంచి చూసేది మాత్రం ఒక్కచోటే, ఆదివారం మెస్సులో చికెన్ వండినప్పుడు. అదీ ముక్క దొరికితే. వాణ్ణి తప్పుపట్టను. తెల్లారకుండా లేపి, రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోబెట్టి, ఆటస్థలం ఉండాల్సిన చోట ఇంకో బ్లాకు లేపినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల చేతికి ఫీజు కట్టి మరీ పిల్లల్ని అప్పజెప్పింది మనం.

రెక్క కట్టడమంటే ఏమిటో ఆ కుర్రాడికి చెప్పే తీరిక ఎవరికీ లేదు గనక నేను చెబుతాను. కిట్ అంతా ఒక్కసారి రాదు. ముందు తోక వస్తుంది, చెక్కపెట్టెలో. నేర్చుకునేటప్పుడు పాడైనా పోయేది తక్కువని తోకతో మొదలుపెట్టిస్తారు. పెట్టె విప్పితే అట్టముక్కంత మందాన అల్యూమినియం రేకులు. రెండు రేకుల చిల్లులు ఒకదాని మీదొకటి కూర్చోబెట్టి, క్లెకోలనే స్ప్రింగు పిన్నులతో తాత్కాలికంగా పట్టించాలి. అంతా సరిపోయిందని మురిసే లోపు మళ్లీ మొత్తం విప్పాలి. ప్రతి చిల్లు అంచునా ఉన్న గరుకు తీసెయ్యాలి. తీయకపోతే ఏళ్ల తరబడి అదిరీ అదిరీ అక్కణ్ణుంచే బీట పాకుతుంది. ప్రైమర్ కొట్టి, ఆరబెట్టి, తిరిగి పట్టించాలి. అప్పుడొస్తుంది రివిట్ వంతు. ఒకళ్లు బయట నుంచి గాలి గన్నుతో కొడుతుంటే, ఇంకొకళ్లు లోపలికి చెయ్యి దూర్చి ఇనప దిమ్మె ఆనించి పట్టుకోవాలి. టర్రుమని ఒక్క క్షణం. లోపలి కొస నలిగి బొడిపె కడుతుంది. ఆ బొడిపె వెడల్పు రివిట్ కాడకి ఒకటిన్నర రెట్లుండాలి, ఎత్తు కాడ లావులో సగం ఉండాలి. చదునెక్కువైనా, పక్కకి ఒరిగినా, డ్రిల్లుతో తొలిచి పారేసి కొత్తది కొట్టాలి. ఎవరూ చూడరు కదా అని వదలడానికి లేదు, రేపు ఆ రేకు మధ్య కూర్చునేది నువ్వే. ఇలాంటి రివిట్లు వేలు. లోపల దిమ్మె పట్టుకునేది చాలా ఇళ్లల్లో భార్యే. అంతా అయ్యేసరికి 1,500 నుంచి 2,000 గంటలు పడుతుందని కట్టినవాళ్లు చెబుతారు. ఏళ్ల తరబడి శని ఆదివారాలన్నమాట.

ఇంత నైపుణ్యం మన దగ్గర ఎక్కడుందని నోరు తెరవకండి. కంకిపాడు నుంచి బందరు రోడ్డు పట్టుకుని వెనక్కి వస్తే విజయవాడ జవహర్ ఆటోనగర్. లారీ ఛాసిస్ ఒట్టి అస్థిపంజరంలా లోపలికి పోతుంది, క్యాబినూ బాడీతో సహా పెళ్లికొడుకులా బయటికొస్తుంది. అక్కడ టింకరింగ్ చేసే మేస్త్రిని చూడండి. సొట్టపడ్డ రేకు వెనక ఎడంచేత్తో డాలీ ఇనుము ఆనిస్తాడు, కుడిచేత్తో ముందు నుంచి సుత్తితో తడతాడు. కొట్టడు, తడతాడు. మధ్యమధ్య కళ్లు మూసుకుని అరచేత్తో రేకు మీద నిమిరి చూస్తాడు. కంటికి కనబడని వంపు చేతికి తెలుస్తుంది. టెక్సస్‌లో శనివారం పూట విమానం రెక్క బిగించే పెద్దమనిషి నిలబడే తీరూ అదే, పట్టే పట్టూ అదే. తేడా ఒక్కటే. అక్కడాయన్ని 'బిల్డర్' అంటారు. ఇక్కడ మనం కారు ఆపీ ఆపకుండానే, తండ్రి వయసున్న మనిషిని, "ఏయ్, ఎంతవుద్ది?" అంటాం.

రైట్ సోదరులకీ ఒక మేస్త్రి ఉండేవాడు. పేరు చార్లీ టేలర్. వాళ్ల సైకిల్ కొట్టులో పనివాడు. కార్ల కంపెనీలేవీ ఆ సోదరులు అడిగిన తేలికపాటి ఇంజను ఇవ్వకపోతే, లేత్ మిషనూ డ్రిల్ మిషనూ దగ్గరపెట్టుకుని ఆరు వారాల్లో ఇంజను చేసి చేతిలో పెట్టాడు. 1903లో ఎగిరింది దానితోనే. ఇవాళ అమెరికా విమానయాన శాఖ, 50 ఏళ్లు రెంచి పట్టిన మెకానిక్కులకి ఇచ్చే పురస్కారానికి ఆ చార్లీ పేరే పెట్టుకుంది. ఆటోనగర్‌లో 50 ఏళ్లు రెంచి పట్టినవాడికి దక్కేవి నడుంనొప్పీ, దగ్గూనూ.

ఈ తంతులో అసలు రుచికరమైన భాగం ముందుంది. ఆ మేస్త్రి తన సంపాదనంతా ఊడ్చి, కొడుకుని అదే బందరు రోడ్డు కాలేజీలో చేర్పిస్తాడు. "నాలాగ సుత్తి పట్టకూడదురా" అని. అది మనం ఆయనకి నేర్పిన పాఠమే. కొడుకు బుద్ధిగా చదివి, సీటు కొట్టి, డాలస్ చేరి, ఇల్లు కొని, గ్యారేజీ నిండా పనిముట్లు సర్దుకుంటాడు. ఒత్తిడి తగ్గడానికి చేతులతో ఏదైనా చెయ్యమని అక్కడెవరో సలహా ఇస్తారు. తండ్రి కొడితే కూలి. కొడుకు కొడితే హాబీ. ఆ ఫోటో వాట్సాప్‌లో వస్తే, ఇక్కడ బంధువులంతా చప్పట్ల బొమ్మలు పెడతారు.

అయినా సరే, మాటవరసకి, కంకిపాడులోనే ఒక పెద్దమనిషిని ఈ పురుగు కుట్టిందనుకుందాం. రిటైరైన లెక్చరరనుకోండి. పోర్టికోలోంచి కారు వీధిలోకి తోసేసి, తోక పెట్టె దింపించాడు. సాయంత్రానికి ప్రజాస్వామ్యం మొదలు.

"ఏంటొదినా, అన్నయ్యగారు పైన రేకుల షెడ్డు వేయిస్తున్నారా?" గోడవతల నుంచి పక్కింటావిడ.

"ఏం చెప్పమంటావులే, విమానమంట."

"అయ్యో! ఎప్పట్నించి?" గొంతు తగ్గించి, జబ్బు గురించి అడిగినట్టు.

బావమరిది మాత్రం వ్యవహారం తెలిసినవాడు. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, "బావగారూ, పూర్తయితే ఎంతకి పోద్దిది?" అంటాడు. అమ్మడానికి కాదంటే, "సర్లే, పెళ్లిళ్లకి రెంటుకిస్తారా?" అంటాడు. అదీ కాదంటే నిజంగా దిగులుపడతాడు. లాభం లేని పని మనిషి చేస్తున్నాడంటే, వెనక ఏదో పెద్ద లాభమే దాస్తున్నాడని ఆయన అనుమానం. రాత్రికి చెల్లెలికి ఫోన్ చేసి, స్థలం కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో చూసుకోమంటాడు.

సిద్ధాంతిగారు వచ్చి కొలతలు తీసుకుంటారు. నైరుతిలో బరువుండాలి, ఈశాన్యం తేలిగ్గా ఉండాలి. విమానం ముక్కు ఈశాన్యంలోకి వచ్చింది, బరువైన ఇంజనేమో ముక్కులో ఉంది. కాబట్టి ఇంజను తోక దగ్గరికి మార్చమంటారు. నవ్వకండి. రుటాన్ గీసిన వేరీ-ఈజీకి ఇంజను వెనకే ఉంటుంది. ఇన్నాళ్లకి ఒక అమెరికా డిజైను మన వాస్తుకి నప్పింది.

ఇంట్లో ఆవిణ్ణి లోపల దిమ్మె పట్టుకోమంటే ఆవిడ అసలు విషయానికి వస్తుంది. "పట్టుకుంటాను గానీ, ఆ మిక్సీ బాగుచేసి పెడతానని సంక్రాంతినాడన్నారు." ఈ ఊళ్లో విమానం మీద వచ్చిన న్యాయమైన అభ్యంతరం ఇదొక్కటే. మిక్సీ విప్పనివాడు విమానం బిగిస్తే నేనూ ఎక్కను.

తోక సగమైనా కాకముందే సెంటర్లో ఫ్లెక్సీ లేస్తుంది. 'గగన వీరుడికి అభినందనలు'. పైన అధినాయకుడు, కింద నియోజకవర్గ నాయకుడు, ఆ కింద వరసగా పాస్‌పోర్టు సైజులో ఇరవై మంది యువనేతలు నల్లకళ్లజోళ్లతో. లెక్చరరుగారు ఓ మూలన స్టాంపంత. విమానం బొమ్మ మాత్రం ఇంటర్నెట్‌లో దొరికిన బోయింగ్‌ది. ఏ పార్టీ ఫ్లెక్సీ అని అడక్కండి, అచ్చువేసే కొట్టు అందరికీ ఒకటే.

ఇదంతా అతిశయోక్తి అనుకుంటే ముంబై వెళ్దాం. అమోల్ యాదవ్ అనే పైలట్ కాందివలిలో తాముండే అయిదంతస్తుల భవనం డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టాడు. 2016 ఫిబ్రవరిలో మేకిన్ ఇండియా ప్రదర్శనకి దాన్ని క్రేనుతో కిందికి దింపారు. రిజిస్ట్రేషన్‌కి ఆయన దరఖాస్తు పెట్టింది 2011లో. వచ్చింది 2017 నవంబరులో. మనకి మూడు అక్షరాలు ఎంచుకునే వీలుంది గనక ఆయన కృతజ్ఞతగా ఎన్, ఎం, డి తీసుకున్నాడు. నరేంద్ర మోదీ, దేవేంద్ర ఫడ్నవీస్. చూశారా, మన ఫ్లెక్సీ అక్కడ తోకకే ఎక్కింది. 2018లో మహారాష్ట్ర ప్రభుత్వం ఆయనతో 35,000 కోట్ల రూపాయల అవగాహన ఒప్పందం రాసుకుంది. ఆ విమానం ఎగరడానికి అనుమతి పత్రం చేతికొచ్చింది మాత్రం 2019 అక్టోబరులో. నేలమీదున్న విమానానికి 35,000 కోట్లు ముందొచ్చాయి, ఆకాశం తర్వాతొచ్చింది. కోట్లు కూడా కాగితం మీదే అనుకోండి.

కేరళలో తొడుపుళ దగ్గర సజి థామస్ కథ ఇంకోరకం. పుట్టు మూగ, చెవిటి. బడి మధ్యలోనే ఆగిపోయింది. రబ్బరు తోటల మీద మందు కొట్టే హెలికాప్టర్లు చూసి పిచ్చి పట్టింది. చిన్నాచితకా రిపేర్లు చేసుకుంటూ, ఏళ్ల తరబడి పోగేసి తేలికపాటి విమానం కట్టాడు. 2014లో విశ్రాంత వైమానిక దళ అధికారి ఒకాయన దాన్ని నడిపి చూశాడు. 2017లో ఆ కథ స్ఫూర్తితో మలయాళంలో సినిమా వచ్చింది. మనమైతే సినిమా ముందు తీసేవాళ్లం. విమానాన్ని గ్రాఫిక్స్‌లో చేసి, హీరో చేత రెక్క మీద స్టెప్పులేయించి, బెనిఫిట్ షో టికెట్ పెంచుకోవడానికి జీవో తెచ్చుకునేవాళ్లం.

ప్రభుత్వం వైపు నుంచి కూడా కదలిక లేదనలేం. 1934 నాటి విమాన చట్టం పోయి, 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చింది. 90 ఏళ్లకి పేరులో స్వాతంత్ర్యం వచ్చింది. మిగతాదానికి తొందరేముంది, క్యూలో ఉంది.

"ఇంట్లో చేసింది ఎక్కితే ప్రాణానికి ముప్పు కాదా?" ముప్పే. ఫ్యాక్టరీ విమానాలకంటే ఇంటి విమానాలు ఎక్కువ కూలతాయి, అది దాచనక్కర్లేదు. వాళ్లూ దాచరు. అమెరికాలో ఇలాంటి విమానం ఎక్కే తలుపు దగ్గర 'ఎక్స్‌పెరిమెంటల్' అని కనీసం రెండంగుళాల అక్షరాలతో రాసి తీరాలి. ఎక్కేవాడు చదివి, ఇష్టమైతే ఎక్కుతాడు. 2023లో వాన్స్ కంపెనీ లేజర్‌తో కోసిన భాగాల్లో చిల్లుల దగ్గర బీటలు వస్తున్నాయని తేలింది. కంపెనీ ఆ మాట బయటికి చెప్పింది, భాగాలు మార్చి ఇవ్వడానికి పూనుకుంది, మిగతా అప్పులూ చిక్కులూ తోడై ఆ డిసెంబరులో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. బీటని బీట అని ఒప్పుకుంటే ఏమవుతుందో చూశారుగా! మన పద్ధతైతే పుట్టీ పెట్టి, పెయింటు కొట్టి, గుమ్మడికాయ దిష్టి తీసి డెలివరీ ఇచ్చెయ్యడమే.

ఆ రెండంగుళాల అక్షరాల నియమం నాకు భలే నచ్చింది. దాన్ని విమానాలతో ఆపకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సగం మునిగింది, పై అంతస్తుల్లో ఇరుక్కున్నవాళ్లకి డ్రోన్లతో అన్నం పొట్లాలు దింపాల్సి వచ్చింది. వాగు దారిలో లేపిన ప్రతి అపార్టుమెంటు గేటుకీ ఆ ఒక్క మాట రాసిపెట్టాలి. రాత్రి పూట బందరు రోడ్డు మీద దూసుకుపోయే ప్రతి ప్రైవేటు బస్సు తలుపుకీ రాయాలి. అన్నిటికంటే ముందు, పదహారేళ్ల పిల్లల్ని గదిలో పెట్టి తాళమేసే హాస్టళ్ల గుమ్మాల మీద. ప్రయోగం పిల్లల మీద జరుగుతోందని కనీసం తల్లిదండ్రులకి తెలుస్తుంది.

కాబట్టి బందరు రోడ్డు కాలేజీల యజమానులకి ఒక మనవి. ఈ ఏడు ఒక హోర్డింగు ఖర్చు మానుకుని ఒక తోక కిట్ తెప్పించండి. ఏసీ క్లాసురూము ఒకటి ఖాళీ చేసి, బెంచీలు తీయించి, నడుమ పెట్టండి. ఆటోనగర్ నుంచి ఒక మేస్త్రిని పిలవండి. ఆయనకి లెక్చరరుగారికి వేసే కుర్చీయే వెయ్యండి, పిల్లల చేత సార్ అనిపించండి, జీతం మాత్రం మీ లెక్చరర్లకిచ్చేలాగ కాకుండా ఒకటో తారీఖునే ఇవ్వండి. ఇందులో మార్కులు లేవని, ర్యాంకు రాదని, వచ్చేది చేతికి కాయలేనని పిల్లలకి మొదటిరోజే చెప్పండి. నలుగురైనా మిగులుతారు. మిగతావాళ్ల తల్లిదండ్రులొచ్చి ఫీజు వాపసు అడుగుతారు. అదొక్కటీ మీకు అలవాటు లేని పనే, కానీ ఇచ్చెయ్యండి.